మూసీకి లోతు కాదు, వెడల్పు కావాలి

ఇమ్లీబన్ అంటే చింతతోపు. హైదరాబాద్ నడుమ పారే మూసీ రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట నడుమ మిగిలిన లంక అది. ఆ లంక మీద మనం మహాత్మాగాంధీ బస్టాండు కట్టుకున్నాం. 2025 సెప్టెంబరు చివరి వారంలో నీళ్లు ప్లాట్‌ఫారాల దాకా వచ్చి, రాత్రిపూట ప్రయాణికులు లోపల చిక్కుకుపోయారు. ఆ వేళ ఎగువన ఉన్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల నుంచి వదిలిన నీరు సుమారు 35 వేల క్యూసెక్కులు. 1908 సెప్టెంబరు 28న ఇదే దారిన వచ్చిన వరద, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వేసిన లెక్కలో, 4.25 లక్షల క్యూసెక్కులు. అందులో పన్నెండో వంతుకే మన బస్టాండు మునిగింది.

ఇలా మునిగిన ప్రతిసారీ ఊళ్లో రెండు జట్లు లేస్తాయి. ఒక జట్టు గోడలు కట్టాలి, అడుగు తవ్వాలి, పొదలూ గడ్డీ పీకెయ్యాలి అంటుంది. రెండో జట్టు నదిని ముట్టుకోవద్దు, పక్షులు పోతాయి అంటుంది. రెండింటితోనూ నాకు పేచీ ఉంది. వరద దిగడానికి నదికి కావలసింది ముందు వెడల్పు. కొంగకూ తీతువుకూ కొర్రమీనుకూ కావలసింది కూడా అదే: పల్లంగా, వాలుగా, నీళ్లు ఎక్కి దిగే అంచు. నిజంగా గొడవ పడాల్సిన చోట్లు మూడో నాలుగో ఉన్నాయి. వాటి మీద మాత్రం ఎవరూ మాట్లాడరు.

ముందు జలాశయాల సంగతి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మొదటిది 3.9 టీఎంసీలు, రెండోది 2.97. రెండూ అడుగంటి ఉన్నాయనుకుందాం. 1908 నాటి గరిష్ఠ వరద ఏకధాటిగా వస్తే అవి నిండడానికి నాలుగున్నర గంటలు చాలు. వరద అదే ఉధృతితో అన్ని గంటలు ఉండదు, నిజమే. కానీ ఆ చెరువులు అడుగంటి ఉండే సెప్టెంబరు కూడా ఉండదు. నగరాన్ని ముంచిన వానల తేదీలు చూడండి: 1908 సెప్టెంబరు 28, 2000 ఆగస్టు 24, 2020 అక్టోబరు 13, 2025 సెప్టెంబరు ఆఖరు. అన్నీ సీజన్ ముదిరాక వచ్చినవే. అప్పటికి చెరువులు నిండుకుండలు, నేల తడిసి ముద్ద. నిండిన జలాశయం వరదను ఆపదు, పై నుంచి వచ్చిందాన్ని కిందికి అందిస్తుంది.

అందుకే జలాశయాన్ని ఎంత నింపాలన్న దానికి నెలవారీ గీత ఒకటి ఉండాలి. అక్టోబరు నడిమి దాకా ఎఫ్‌టీఎల్‌కు, అంటే నిండు నీటిమట్టానికి, కొన్ని అడుగులు తక్కువగా ఉంచి, ఆ తర్వాతే పైకి రానివ్వాలి. తాగునీటికి నగరం ఇప్పుడు ఎక్కువగా కృష్ణా, గోదావరి, మంజీరల మీద ఆధారపడుతోంది కాబట్టి ఇది ఒకప్పటంత కష్టం కాదు. ఏదో ఒక ఏడాది నిండకపోతే ఏం చేస్తారని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ లోటు విలువ లెక్కగట్టండి, చాదర్‌ఘాట్ కింది బస్తీలను ఒక రాత్రి ఖాళీ చేయించే ఖర్చు పక్కన పెట్టి చూడండి.

గేట్లు ఎత్తే పద్ధతిలో కూడా ఒక చిన్న విషయం ఉంది. ఎత్తేటప్పుడు సైరన్లు మోగిస్తారు, మెట్లు మెట్లుగా ఎత్తుతారు. దించేటప్పుడు ఆ ఓపిక ఉండదు, ఒక్కసారిగా దించేస్తారు. నీరు గంటలో తగ్గిపోయి, ఒడ్డుకు ఎక్కిన చేపలు గుంటల్లో చిక్కుకుంటాయి, మర్నాటికి చచ్చి కంపు కొడతాయి. ఒక గేటు దించి, గంట ఆగి, మరోటి దించితే నీళ్ల వెంటే అవీ దిగుతాయి. పైసా ఖర్చు లేని పని.

నా అసలు బాధ చెరువుల గురించి. 1908లో మూసీ, దాని ఉపనది ఈసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని విశ్వేశ్వరయ్య రాశారు. గొలుసుకట్టు చెరువులకు ఉన్న గుణమూ దోషమూ అదే: పైది తెగితే కిందిది తన వాననే కాదు, పైదాని నిల్వను కూడా మోయాలి. 2020 అక్టోబరులో పల్లె చెరువు, నాలుగైదు రోజుల తేడాతో బాలాపూర్ గుర్రం చెరువు కట్టలు తెగి కిందున్న కాలనీలు మునగడం అందరికీ గుర్తే.

దీనికి మనం కనిపెట్టిన మందు పూడికతీత. చెరువు లోతు పెంచితే ఎక్కువ నీళ్లు పడతాయి కదా అంటారు. పడతాయి, ఒక్కసారి. ఆ గొయ్యి జులైలో నిండి మళ్లీ ఎండాకాలం దాకా అలాగే ఉంటుంది. సెప్టెంబరు వానకు చోటిచ్చేది ఆ రోజు నీటిమట్టానికీ మత్తడికీ (అలుగుకీ) మధ్య ఉన్న ఖాళీ మాత్రమే. మత్తడి కింద ఎంత తవ్వినా వరదకు చోటు పెరగదు. తాగడానికో, భూగర్భ జలానికో తవ్వుతున్నాం అంటే సరే. వరద కోసం అంటే మాత్రం అది లెక్క తప్పు.

ఒక లెక్క వేద్దాం. యాభై ఎకరాల చెరువు, అంటే సుమారు 20 హెక్టార్లు. దాన్ని మత్తడికి అరమీటరు తక్కువలో ఉంచితే లక్ష ఘనమీటర్ల ఖాళీ. చదరపు కిలోమీటరు కాలనీ మీద పది సెంటీమీటర్ల వాన పడి చుక్క ఇంకకుండా వచ్చినా అంతే, లక్ష ఘనమీటర్లు. అరమీటరు ఖాళీ అంత వానను పట్టేస్తుంది. ఇక ఆ అరమీటరును ఖాళీ చేయడం చూద్దాం. తూము పది క్యూసెక్కులు వదిలితే నాలుగు రోజులకు పైగా పడుతుంది. భారీ వర్షం హెచ్చరిక మనకు రెండు మూడు రోజుల ముందు వస్తుంది. హెచ్చరిక చూసి తూము తెరిస్తే ఆ అరమీటరులో సగం ఖాళీ అయ్యేసరికే వాన వచ్చేస్తుంది. అందుకే ముందు నుంచీ నిండనివ్వకూడదు. జూన్ నుంచే తూము కొంచెం తెరిచి ఉంచాలి.

ఇక్కడే అసలు చిక్కు: నగరంలో చాలా చెరువులకు తూములు పనిచేయవు. ఆయకట్టు ప్లాట్లయిపోయింది, పారించే పొలం లేదు, తూము ఎవరికీ అక్కర్లేదు, మట్టి కొట్టుకుపోయింది. నీరు పోయే దారి ఇక మత్తడి ఒక్కటే. దాని మీద చేపలు పోకుండా జాలీ బిగిస్తారు. జాలీకి గుర్రపుడెక్క వచ్చి అతుక్కుంటుంది, దాని వెనక ప్లాస్టిక్ కవర్లు, థర్మాకోల్. గంటలో అది జాలీ కాదు, గోడ. మత్తడి దుంకాల్సిన నీరు కట్ట మీద నుంచి దుంకుతుంది, మట్టికట్ట కోసుకుపోతుంది. నిట్టనిలువు జాలీ తీసి, చెరువు వైపు నుంచి మత్తడి మీదికి ఏటవాలుగా ఇనుప కడ్డీలు పెడితే చెత్త పైకి జారి పేరుకుంటుంది, కింది నుంచి నీరు పోతూనే ఉంటుంది. చేపల సంఘాలను పిలిచి మాట్లాడాలి. వాళ్ల విత్తనం ఖర్చు వాళ్లది, జాలీ తీసెయ్యమంటే ఊరుకోరు, ఊరుకోవాలనీ లేదు.

ఆ అరమీటరుకు రెండో ఉపయోగం కూడా ఉంది. నీరు అంత తగ్గితే శిఖం (చెరువు నిండితే మునిగే నేల) వైపు వాలులో బురద బయటపడుతుంది, దాని పక్కన పలచని నీరు. ఉల్లంకులు తడి బురద నుంచి అయిదు సెంటీమీటర్ల నీటి దాకా మేస్తాయి. సన్నని గులాబీ కాళ్ల పిట్టలు జానెడు లోతుకు దిగుతాయి. తెల్లకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు మోకాలి లోపు. గరిటె ముక్కు బాతులు, సూదితోక బాతులు తలవంచి అందుకునేంత లోతు, అంతకు మించితే వాటికి మేత అందదు. వలస పక్షులు దిగేది అక్టోబరు, నవంబరుల్లో. వాన కోసం ఖాళీ ఉంచిన అంచే వాటికి విస్తరి అవుతుంది.

ఇప్పుడు చెరువు సుందరీకరణ పేరుతో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. చుట్టూ రింగ్ బండ్, అంటే గుండ్రటి మట్టికట్ట, పోస్తారు, దాని మీద వాకింగ్ ట్రాక్, లోపలి వైపు రాతి కట్టడం. చెరువు గిన్నె అయిపోతుంది: అంచు నిలువు, మధ్య లోతు. పలచని నీరు మాయం, పిట్టలు మాయం. వరద సంగతీ అంతే. రింగ్ బండ్ బయట మిగిలిన శిఖం భూమి ఇక చెరువు కాదన్నట్టు చేతులు మారుతుంది. పై నుంచి నేల మీదుగా పారివచ్చే వాన నీరు లోపలికి దారిలేక బండ్ బయటే నిలిచి, ఎగువ కాలనీని ముంచుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే. నడవడానికి దారి కావాలంటే కట్ట ఉన్న వైపు చాలు. మిగతా మూడు వైపులా నీటిని దాని ఇష్టానికి వదిలెయ్యాలి. అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడికి పిట్టలు వచ్చిందీ పల్లం అంచులకే, బల్లల కోసం కాదు.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది, దాచను. బుడుబుంగ తేలే గూడు కట్టి, దాన్ని జమ్ముకు కట్టేసుకుంటుంది. వానాకాలంలో నీటిమట్టం రోజుకు జానెడు చొప్పున దించితే గూడు వాలిపోయి గుడ్లు జారిపోతాయి. రోజుకు అయిదు సెంటీమీటర్లు మించకుండా దించితే గూడు దానితో పాటే దిగుతుంది. అప్పుడు అరమీటరుకు పది రోజులు. జూన్ నుంచే నిండనివ్వకూడదు అనడానికి ఇది రెండో కారణం.

ఇక నది. ఇంజినీర్లు కాంక్రీటు ఎందుకు కోరుకుంటారో ముందు ఒప్పుకోవాలి. నీటి పారుదలకు అడ్డు ఎంత అన్నదాన్ని గరుకుదనం గుణకంతో కొలుస్తారు. నున్నని కాంక్రీటుకు 0.015, గడ్డి ఉన్న మట్టి కాలువకు 0.03, పొదలు దట్టంగా ఉంటే 0.06 ఆపైన. గుణకం రెండింతలైతే అదే వాలు, అదే వెడల్పులో అదే వరద ఒకటిన్నర రెట్లు ఎత్తు లేస్తుంది. మూడు మీటర్ల నీరు నాలుగున్నర అవుతుంది. కాబట్టి ‘ఏదీ ముట్టుకోవద్దు’ అనే పక్షి ప్రేమికులు చాదర్‌ఘాట్ బస్తీలో ఎవరి ఇంట్లో ఆ మీటరున్నర నీరు నిలుస్తుందో కూడా చెప్పాలి.

కానీ ఇదే సూత్రం రెండో వైపు నుంచి చదవండి. వెడల్పు రెండింతలైతే మూడు మీటర్ల వరద రెండు మీటర్లకు దిగుతుంది. అంటే గడ్డి, మట్టి ఉంచుకోవాలంటే దానికి ధర వెడల్పు. కాంక్రీటు కొనుక్కునేది నది నేలను కత్తిరించి అమ్ముకోవడానికే. పైగా కాంక్రీటులో వేగంగా పోయిన నీరు మాయమవదు, నాగోలు, ఉప్పల్ వైపు ముందుగా, ఎత్తుగా చేరుతుంది.

అడుగు తవ్వడం సంగతి చెరువుల్లో చెప్పిందే. మూసీ పొడవునా కత్వలు (చిన్న అడ్డుకట్టలు), కాజ్‌వేలు, వంతెన అరుగులు ఉన్నాయి. వరద ఎత్తును నిర్ణయించేవి అవి. రెండు అరుగుల మధ్య గొయ్యి తీస్తే అది నీటితో నిండి, రెండు సీజన్లలో పూడిపోతుంది. మీదుమిక్కిలి పాత వంతెనల పునాదుల దగ్గర మట్టి కోసుకుపోతుంది. పురానాపూల్ 1578 నాటిది, దాని కాళ్ల దగ్గర జేసీబీ తిప్పేవారు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి.

చేయదగ్గది రెండు మెట్ల నది. నడుమ సన్నని పాయ, ఏటా వచ్చే మామూలు వాన నీరు పట్టేంత. దానికి రెండు పక్కలా వెడల్పాటి మెట్టు, రెండు మూడేళ్లకోసారి మునిగేది. ఒడ్డు వాలు ఒకటికి మూడు, అంటే మీటరు ఎత్తుకు మూడు మీటర్లు అడ్డం. సన్నపాయలో నీరు వేగంగా పోతుంది, పూడిక నిలవదు, దోమ గుడ్డు పెట్టదు. కాలనీల వాళ్లు కాంక్రీటు అడిగేది దోమల కోసం, పాముల కోసమే కదా. దోమ పెరిగేది పారే నీటిలో కాదు, గుర్రపుడెక్క కింద నిలిచిన మురుగులో. మెట్టు మీద గడ్డి ఉండవచ్చు, మైదానాలు ఉండవచ్చు, పీర్జాదిగూడ వైపు సాగుచేసే పశుగ్రాసం ఉండవచ్చు. ఇళ్లు, ప్రహరీలు, పార్కింగు షెడ్లు ఉండకూడదు. ప్రహరీ ముఖ్యం: వరదకు అడ్డంగా నిలబడ్డ ఒక్క గోడ, పొద చేసే అడ్డుకు ఎన్నో రెట్లు చేస్తుంది. 2012 నాటి జీవో 168 నగరం లోపల నదికి 50 మీటర్లు వదలమంటోంది. కొలిచేది ఏ గీత నుంచి అన్నదాంట్లోనే అంతా ఉంది. నదికి గుడిసెల వైపే వెడల్పు కావాలి, ఎత్తయిన భవంతుల వైపు అక్కర్లేదు అంటే అది వరద నియంత్రణ కాదు.

మొక్కల్లో తేడా చూడాలి. గుర్రపుడెక్కకు నేను ఏ దయా చూపను. అది వేరు పట్టుకోదు, వరదలో తెప్పలా కదిలి మూసారాంబాగ్ పాత వంతెన లాంటి పల్లపు వంతెనల కానాల్లో ఇరుక్కుంటుంది. వేసవిలో రెండు వారాల్లో రెండింతలవుతుంది కాబట్టి ఏడాదికోసారి తీయడం తియ్యకపోవడంతో సమానం. తీసింది ఒడ్డున పోస్తే మొదటి వానకు మళ్లీ దిగుతుంది. లారీ ఎక్కించాల్సిందే. జమ్ము వేరు. వేళ్లతో నేలను పట్టుకుంటుంది, వరదకు పడుకుంటుంది. దాన్ని అంచున నాలుగైదు మీటర్ల పట్టీగా ఉంచి, నడుమ పాయనూ, వంతెనలకు ఎగువా దిగువా వంద మీటర్లనూ పూర్తిగా శుభ్రం చేస్తే చాలు. గిజిగాళ్లకూ నీలికోళ్లకూ ఆ పట్టీ సరిపోతుంది.

గోడ తప్పని చోట్లు ఉంటాయి, అఫ్జల్‌గంజ్ దగ్గర వెడల్పు ఎక్కడి నుంచి తెస్తాం? అక్కడ సిమెంటు పూత బదులు తీగ బుట్టల్లో రాళ్లు పేర్చాలి. యాభై మీటర్లకోసారి ఏటవాలు దారి వదలాలి, నాలాలో పడ్డ ఉడుమూ కుక్కా ఎక్కి రావడానికి. లకుముకి పిట్ట నిలువు మట్టి ఒడ్డులో చేతి పొడవు సొరంగం తవ్వుకుంటుంది, లోపలికి పోయేకొద్దీ కాస్త పైకి లేచేలా, వాన నీరు నిలవకుండా. గోడ కట్టేటప్పుడే ఆరేడు సెంటీమీటర్ల వ్యాసం పైపు ముక్కలను అదే వాలులో, వరద మట్టానికి పైన బిగించి, వెనక మట్టి నింపితే వాటిని వాడుకునే అవకాశం ఉంది.

అందరూ తప్పించుకునే మాట ఒకటి ఉంది. అత్తాపూర్, చాదర్‌ఘాట్ దగ్గర వందల్లో కనిపించే పిట్టలు మురుగు మీద బతుకుతున్నాయి. మురుగు బురదలో పెరిగే ఎర్ర పురుగులే వాటి మేత. జలమండలి లెక్కలో హైదరాబాద్ పట్టణ ప్రాంతంలో రోజుకు పుట్టే మురుగు 1,950 ఎంఎల్‌డీ (రోజుకు మిలియన్ లీటర్లు), అంటే సుమారు 800 క్యూసెక్కులు. అదంతా ఒకే చోట మూసీలో కలవకపోయినా, ఎండాకాలం నదిలో కనిపించే నీరు అదే. నది శుభ్రమైతే పురుగులు తగ్గుతాయి, పిట్టల లెక్క పడిపోతుంది, రకాలు మారతాయి. అది నష్టమని నేననుకోను. కానీ మురుగును పైపుల్లో పట్టి 339 ఎంఎల్‌డీల అంబర్‌పేట శుద్ధి కేంద్రం లాంటి దిగువ చోట్లకు తీసుకుపోయి అక్కడే వదిలేస్తే, లంగర్‌హౌజ్ నుంచి అంబర్‌పేట దాకా డిసెంబరులో మిగిలేది రాళ్లూ క్రికెట్టూ. గోదావరి నుంచి మూసీకి ఇస్తామంటున్న 2.5 టీఎంసీలను ఎనిమిది నెలలకు పంచితే 120 క్యూసెక్కులు. అంబర్‌పేటలో శుద్ధి అయిన నీరు ఒక్కటే దాదాపు 138. దాన్ని మూసీ, ఈసీ కలిసే బాపూఘాట్ సంగమం దాకా వెనక్కి పంపింగ్ చేయడమో, ఎగువనే చిన్న కేంద్రాలు కట్టి అక్కడికక్కడ వదలడమో తప్పదు.

చివరగా పనుల క్యాలెండరు. పూడిక టెండర్లు మార్చిలో తేలి, ఏప్రిల్, మే నెలల్లో యంత్రాలు దిగుతాయి. తీతువు గుడ్లు పెట్టే కాలం సరిగ్గా అదే. అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పక్షులు. ఇక ఖాళీ ఎప్పుడు? ఏ నెలా పూర్తిగా ఖాళీ కాదు, అందుకే నెల కంటే చోటును పంచుకోవాలి. నదిని ముక్కలు చేసి ఏటా మూడో వంతు, ఒక్క ఒడ్డునే. నాలాల్లో ఎప్పుడైనా చేయవచ్చు, అక్కడ ఆగితే మనుషులే మునుగుతారు. తీసిన బురదను నాలా పక్కనే వారాల తరబడి ఆరబెట్టకుండా రెండు రోజుల్లో ఎత్తాలి, పొలాలకు పోసే ముందు భార లోహాలకు పరీక్ష చేయించాలి.

తీతువు గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు, సన్నని కొనలన్నీ లోపలికి తిరిగి. రాళ్ల రంగే, అడుగు దూరం నుంచి చూసినా తెలియదు. తల్లి అరుస్తూ నెత్తి మీద తిరిగితే మాత్రం తెలుస్తుంది. జేసీబీ డ్రైవర్లకు అది బాగా తెలుసు, ఎవరూ అడగరు గాని. అలా అరిచిన చోట చుట్టూ పది మీటర్లు ముగ్గు పోసి, రెండు జెండాలు పాతి, ఆ పూట యంత్రాన్ని ముందుకు పంపితే సరి. పొదగడానికి నాలుగు వారాలు. పుట్టిన పిల్లలు ఆ రోజే నడిచి నీటి అంచుకు పోతాయి. ముప్పయ్యో రోజున యంత్రం వెనక్కి వచ్చి ఆ మిగిలిన ముక్క తవ్వుకోవచ్చు.